చలికాలం వైపు పారే నది

(తిరుపతిలో ఒక గ్రంథాలయంలో జరిగిన సభలో, ఉద్యోగ విరమణ చేసిన భూగోళ శాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నేను ఏడో తరగతి చదివే రోజుల్లో పాఠ్యపుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి సోవియట్ పత్రికల కాగితాలు వాడేవాళ్లం. నున్నగా, మందంగా ఉండేవి. సంచిలో ఏడాదంతా నలిగినా చిరిగేవి కావు. మీలో యాభై దాటినవాళ్లకు ఆ కాగితం వాసన కూడా గుర్తుండి ఉంటుంది. నా భూగోళం పుస్తకం అట్ట మీద ఒక లారీ బొమ్మ పడింది. అంతా తెల్లటి మైదానం, మధ్యలో లారీ, దాని వెనక ఇంకో లారీ. కింద చిన్న అక్షరాల్లో, లేనా నది మీద సరుకు రవాణా అని ఉంది. నది ఎక్కడుందా అని బొమ్మంతా వెతికాను. చివరికి తెలిసింది, లారీ చక్రాల కింద ఉన్నదే నది అని.

నిజం చెప్పాలంటే అందులో నాకు పెద్ద వింతేమీ కనిపించలేదు. మాది స్వర్ణముఖి ఒడ్డు. ఎండాకాలం వస్తే మా నదిలోనూ ఎడ్లబళ్లు నడిచేవి, ఇసుక లారీలు తిరిగేవి. ఆ మాటే మా అయ్యవారితో అన్నాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. "మన లారీ ఇసుక మీద పోతుంది, నీళ్లు ఇసుక కింద ఉంటాయి. వాళ్ల లారీ మంచు మీద పోతుంది, నీళ్లు మంచు కింద ఉంటాయి. పైన కనిపించేది చూసి నది ఉందో లేదో చెప్పకూడదురా" అన్నారు. ఆ సాయంత్రం నేనూ మా తమ్ముడూ నదిలోకి దిగి చెలమ తవ్వాం. మోకాలి లోతు తవ్వేసరికి ఇసుక రంగు మారింది. ఇంకో జానెడు తవ్వితే అడుగున నీరు ఊరింది. మొదట బురదగా ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో మూడుసార్లు తోడి పారబోశాం. నాలుగోసారి ఊరిన నీళ్లలో చిప్ప అడుగున ఉన్న నారలు కూడా స్పష్టంగా కనిపించాయి. ఆ చెలమ దగ్గర కూర్చున్నప్పటి నుంచి లేనా నా మనసులో ఉంది.

పేరు వింటేనే మన చెవికి ఒక ప్రశ్నలా ఉంటుంది కదా, ఉన్నానా, లేనా అని! అసలు మాట తూర్పు సైబీరియాలోని ఎవెంకీ జాతి వారిది. వాళ్ల భాషలో 'ఎల్యు ఎనె' అంటే పెద్ద నది. రష్యన్ల నోట అది లేనా అయింది. నది మధ్య భాగంలో ఉండే సఖా ప్రజలు నదిని 'ఎబె' అని పిలుస్తారు. అంటే అమ్మమ్మ. నీటిని గంగమ్మ అని పిలుచుకునే మనకు ఆ పిలుపులో ఉన్న గౌరవం ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఈ పటం చూడండి. ఇందులో ఒక సెంటీమీటరు అంటే వంద కిలోమీటర్లు. నిన్న రాత్రి నూలుదారాన్ని తడిపి, నది గీత మీద వంపు వంపుకీ వేలితో అదుముతూ పరిచాను. తరువాత స్కేలు మీద పెట్టి చూస్తే నలభై సెంటీమీటర్లు కూడా రాలేదు. నది అసలు పొడవు సుమారు 4,300 కిలోమీటర్లు. ఆ తేడా ఎక్కడికి పోయింది? ఈ పటం గీసినవాళ్లు చిన్న వంపులన్నీ వదిలేశారు. నది మాత్రం ఏ వంపునూ వదలకుండా నడవాలి. మన స్వర్ణముఖి పొడవు సుమారు 130 కిలోమీటర్లు. ఈ కొలతలో అది నా చిటికెనవేలి గోరంత. లేనాకు నీరు చేరవేసే నేల సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్లు. భారతదేశాన్ని నాలుగు భాగాలు చేస్తే అందులో మూడు భాగాలు.

పుట్టిన చోటు చూడండి, ఇదిగో. బైకాల్ సరస్సుకు పడమట ఒడ్డున కొండల వరస ఉంది. ఆ కొండల అవతలి వాలు మీద, సరస్సుకు సుమారు పది కిలోమీటర్ల దూరంలో లేనా మొదలవుతుంది. ప్రపంచంలో అన్నిటికన్నా లోతైన మంచినీటి సరస్సు పక్కనే పుట్టి, దాంట్లో ఒక్క చుక్క కూడా కలపదు. మధ్యలో కొండ ఉంది కాబట్టి ఇటు పడిన వాన బైకాల్‌కు, అటు పడిన వాన లేనాకు. బైకాల్ నీరు అంగారా నదిగా బయటికి వచ్చి, యెనిసేలో కలిసి, కారా సముద్రానికి పోతుంది. లేనా నీరు లాప్తేవ్ సముద్రానికి పోతుంది. ఒకే కొండ మీద రెండు చినుకులు పక్కపక్కనే పడి, ఆర్కిటిక్‌లో రెండు వేరు వేరు సముద్రాలకు చేరతాయి. మన పాకాల వైపు కొండల్లో కూడా ఇదే లెక్క. ఒక వాలు మీద పడిన వాన స్వర్ణముఖికి వస్తే, ఇంకో వాలు మీద పడింది వేరే ఏటికి పోతుంది. వాన కురిసే రోజు గట్టు మీద నిలబడి చూస్తే ఇది కళ్లకు కనిపిస్తుంది.

ఎగువ భాగం సన్నది, లోతు తక్కువ. కచుగ్ అనే ఊరి దాకా పెద్ద పడవలు రాలేవు. ఉస్త్-కుట్ దగ్గర నుంచి అసలైన ఓడల నది మొదలవుతుంది. రష్యన్‌లో ఉస్త్ అంటే నది నోరు. కుటా అనే ఉపనది లేనాలో కలిసే చోటు కాబట్టి ఉస్త్-కుట్. ఈ నది పొడవునా ఊళ్ల పేర్లు ఇలాగే ఉంటాయి. కిరెంగా కలిసే చోట కిరెన్స్క్, వితీమ్ కలిసే చోట వితీమ్ గ్రామం, ఒల్యోక్మా దగ్గర ఒల్యోక్మిన్స్క్. మనకు కూడలి, సంగమేశ్వరం అన్న ఊళ్లు ఉన్నట్టే. అడవిలో రోడ్లు లేని కాలంలో ఉపనదులే రోడ్లు. 1630 తరువాతి ఏళ్లలో కోసాక్కులు అనే రష్యన్ యోధులు యెనిసే వైపు నుంచి పడవలను నేల మీద లాక్కుంటూ కొండ దాటి, కుటాలో దించి, లేనాలోకి వచ్చారు. ఉస్త్-కుట్ 1631లో, యాకూట్స్క్ 1632లో పుట్టాయి. ఏడాది తేడాలో ఉస్త్-కుట్ నుంచి రెండు వేల కిలోమీటర్ల దిగువకు చేరారంటే, వాళ్లను తీసుకువెళ్లింది నదే.

వితీమ్ దగ్గర కొంచెం ఆగుతాను. బైకాల్‌కు తూర్పున ఉన్న పీఠభూమిలో పుట్టి, దాదాపు రెండు వేల కిలోమీటర్లు ప్రయాణించి కుడివైపు నుంచి లేనాలో కలుస్తుంది. దీని ఒడ్డున బొదైబో అనే ఊరు ఉంది, బంగారు గనుల ఊరు. 1912లో అక్కడి గని కార్మికులు సమ్మె చేశారు. కుళ్లిన మాంసం పెడుతున్నారన్న గొడవతో మొదలైంది అది. ఏప్రిల్‌లో ఊరేగింపుగా వెళ్తున్న వాళ్ల మీద సైనికులు కాల్పులు జరిపారు. వంద మందికి పైగా చనిపోయారు. రష్యా అంతటా నిరసనలు రేగాయి. లేనా కాల్పులు అని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది గాని, జరిగింది లేనా ఒడ్డున కాదు, వితీమ్ లోయలో. ఉపనది చేసినదీ పడినదీ పెద్ద నది పేరు మీదే రాసేస్తాం.

ఈ వితీమ్‌కు మళ్లీ మామా అని ఒక ఉపనది ఉంది. ఆ లోయలో అభ్రకం గనులు నడిచాయి. మన గూడూరు అభ్రకం సంగతి ఇక్కడున్న పెద్దవాళ్లకు తెలుసు. మనవాళ్లు దాన్ని కాకిబంగారం అంటారు. అంటే ఒకే ఉపనది లోయలో అసలు బంగారం, కాకిబంగారం రెండూ ఉన్నాయన్నమాట. పేరులోనే స్వర్ణం ఉన్న నది ఒడ్డు మనిషిని కాబట్టి నాకు ఈ మాట చెప్పకుండా దాటబుద్ధి కాలేదు.

తరువాత ఒల్యోక్మా, అదీ కుడివైపు నుంచే. దానికి చారా అనే ఉపనది. చారా లోయలో మంచు కొండల పాదాల దగ్గర, లార్చ్ అనే సూదాకుల చెట్ల అడవి నడుమ, పది కిలోమీటర్ల పొడవు, అయిదు కిలోమీటర్ల వెడల్పున ఇసుక దిబ్బలు ఉన్నాయి. ఫొటో చూస్తే రాజస్థాన్ అనుకుంటారు.

ఒల్యోక్మా దాటాక నది ఒడ్డున రాతి స్తంభాలు మొదలవుతాయి. సున్నపురాయి, వంద మీటర్ల ఎత్తు దాకా నిలువుగా, కిలోమీటర్ల కొద్దీ. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ రాయి కేంబ్రియన్ యుగం, అంటే సుమారు యాభై కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగు. తొలి జంతువుల శిలాజాలు అందులో దొరుకుతాయి. అక్కడ శీతాకాలం మైనస్ అరవై, వేసవి నలభై డిగ్రీలు. ఏడాదిలో వంద డిగ్రీల తేడా. పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, కరుగుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. అలా రాయి నిలువునా చీలింది. మన తిరుమల శిలాతోరణం రాయి దానికన్నా చాలా పాతది. ఈసారి కొండకు వెళ్లినప్పుడు దర్శనం తొందరలో దాన్ని దాటి వెళ్లిపోకండి.

ఇక యాకూట్స్క్. మూడు లక్షలకు పైగా జనం ఉన్న నగరం, గడ్డకట్టిన నేల మీద నిలబడి ఉంది. ఇళ్లను నేల మీద కాకుండా స్తంభాల మీద కడతారు. ఇంటి వేడి నేలకు తగిలితే నేల మెత్తబడి ఇల్లు కుంగుతుంది. ఇక్కడ ఒక బావి కథ చెప్పాలి. బోర్లు వేసి వేసి విసిగిన జిల్లా మనది కాబట్టి ఇది మనకే బాగా అర్థమవుతుంది. 1828లో షెర్గిన్ అనే వ్యాపార సంస్థ ఉద్యోగి ఆ ఊళ్లో నీళ్ల కోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి, 1837 దాకా తవ్వించాడు. 116 మీటర్లు, అంటే దాదాపు 380 అడుగులు. నీరు పడలేదు. అంత లోతులోనూ మట్టి గడ్డకట్టే ఉంది. బావిగా అది పనికిరాలేదు. కానీ 1844లో మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఆ గోతిలోకి ఉష్ణమాపకాలు దించి, లోతు పెరిగేకొద్దీ నేల ఎంత చల్లగా ఉందో కొలిచాడు. గడ్డకట్టిన నేల గురించిన శాస్త్రానికి ఆ ఎండిన బావి పునాది అయింది.

ఈ బావికీ నదికీ సంబంధం ఉంది. మన ఏటికి వానలు లేని రోజుల్లో నేలలోని ఊట కొంతైనా సాయపడుతుంది. అక్కడ చలికాలంలో నేల తలుపు మూసుకుంటుంది. వాన లేదు, ఊట దాదాపు లేదు. అందుకే అంత పెద్ద నది చలికాలం చివరికి సన్నగా, మంచు పైకప్పు కింద నిశ్శబ్దంగా పారుతుంది. మంచు మీటరుకు మించి మందంగా ఉంటుంది. నేను చిన్నప్పుడు చూసిన లారీ ఆ మంచు మీదే వెళ్తోంది. యాకూట్స్క్ దగ్గర నదికి వంతెన లేకుండానే నగరం పెరిగింది. వేసవిలో ఫెర్రీ, చలికాలంలో మంచు దారి. మంచు పట్టే వారాల్లో, విరిగే వారాల్లో రెండూ ఉండవు. అవతలి ఒడ్డు కంటికి కనిపిస్తుంది గాని కాలికి అందదు.

వెనక కూర్చున్న అమ్మాయి చెయ్యి ఎత్తింది. అడుగమ్మా... లారీ బరువుకు మంచు విరగదా అంటోంది. మంచి ప్రశ్న. ఈ గ్లాసు చూడండి, బయట పండ్ల రసాల బండి దగ్గర మంచుముక్క అడిగి తెచ్చుకున్నాను. ముక్క నీటి మీద తేలుతోంది. వేలితో నొక్కితే కొంచెం దిగుతుంది, కింద నీరు దాన్ని పైకి తోస్తోంది. లారీని మోసేది మంచు ఒక్కటే కాదు, మంచు కింద ఉన్న నీరు కూడా. ఇప్పుడు ఈ గ్లాసులోకి ఇంకొన్ని నీళ్లు పోస్తాను. మంచు కూడా లేచింది చూశారా? నా అసలు విషయం ఇక్కడే ఉంది.

లేనా దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఎగువన, కిరెన్స్క్ వైపు ఎండ తగిలి మంచు కరుగుతుంది. కిరెంగా, వితీమ్, ఒల్యోక్మా అన్నీ కొండల మీద కరిగిన నీటిని ఒక్కసారిగా తెచ్చి పోస్తాయి. ఆ నీరు దిగువకు బయలుదేరుతుంది. దిగువన ఇంకా చలికాలమే! నది మీద మంచు కప్పు గట్టిగానే ఉంది. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో ముందు తలుపు తెరవకుండా వెనక తలుపు తెరిస్తే ఏమవుతుందో ఊహించండి. కింద నుంచి నీరు తోస్తుంది, కప్పు లేస్తుంది, పగులుతుంది. ఇంటి గోడలంత పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, వంపు దగ్గరో లంక దగ్గరో ఇరుక్కుని ఆనకట్టలా నిలుస్తాయి. వెనక నీరు ఊళ్ల మీదికి ఎక్కుతుంది. 2001 మేలో లెన్స్క్ పట్టణం దగ్గర అలాంటి మంచు కట్ట పడి, నది ఇరవై మీటర్ల దాకా పెరిగింది. ఆరంతస్తుల మేడ ఎత్తు. మంచును పగలగొట్టడానికి విమానాల నుంచి బాంబులు వేశారు. పట్టణంలో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయింది, తిరిగి కట్టుకోవలసి వచ్చింది. యాకూట్స్క్ దగ్గర మంచు విరిగేది మే నెల మధ్యలో, ఆ తరువాతి రోజుల్లో. మన తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే నెలలోనే అక్కడ జనం ఒడ్డున నిలబడి అమ్మమ్మ కదలిక కోసం చూస్తుంటారు. డెల్టా దగ్గరికి ఆ కదలిక చేరేసరికి జూన్ వస్తుంది.

నది అంటే గీత కాదు, పంచాంగం. ఏ ఉపనది ఏ రోజున ఎంత నీరు తెస్తుంది, అప్పటికి దిగువన దారి ఉందా లేదా, ఇదే నది. మనం 2021 నవంబరులో చూశాం కదా. భీమా, కల్యాణి, స్వర్ణముఖి మూడూ తొండవాడ దగ్గర అగస్త్యేశ్వరుడి గుడి ముందు కలుస్తాయి. మామూలు రోజుల్లో అక్కడికి వెళ్లి ఇదేం త్రివేణి, ఇసుకే కదా అనుకుంటాం. ఆ వారం శేషాచలం మీద కురిసిన వానకు కల్యాణి డ్యామ్ గేట్లు ఎత్తవలసి వచ్చింది. అన్ని ఉపనదులూ ఒకే రోజుల్లో ఒకే ఏటిలోకి వచ్చాయి. తిరుచానూరు దగ్గర ఒడ్డు కోసుకుపోయి ఇల్లు నదిలోకి ఒరిగిన దృశ్యం మీరందరూ ఫోన్లలో చూసే ఉంటారు. నేను ఆ మరుసటి వారం వెళ్లి చూశాను. ఇంకా నిలబడి ఉన్న పక్కింటి గోడ మీద ముగ్గు రంగులు చెక్కుచెదరలేదు. గోడ కింద నేల లేదు.

యాకూట్స్క్ దాటాక రెండు పెద్ద ఉపనదులు. కుడివైపు ఆల్డాన్, 2,273 కిలోమీటర్లు. ఎడమవైపు విల్యుయ్, సుమారు 2,650 కిలోమీటర్లు. ఏది గొప్పది అని పరీక్షలో అడిగితే పిల్లలు పొడవు చూసి విల్యుయ్ అని రాస్తారు. నీరు చూస్తే లెక్క మారుతుంది. ఆల్డాన్ ఒక్కటే లేనా నీటిలో దాదాపు మూడో వంతు తెస్తుంది. అంత పొడవున్న విల్యుయ్ తెచ్చేది ఆల్డాన్‌లో మూడో వంతు. కారణం పుట్టుకలో ఉంది. ఆల్డాన్ కొండల్లో పుట్టి వేసవి వానలు అందుకుంటుంది. విల్యుయ్ వానలు తక్కువ పడే పీఠభూమి మీద వంకలు తిరుగుతూ వస్తుంది. అయితే విల్యుయ్ మీద 1967లో జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. దాని జలాశయంలో వేసవి నీరు ఆపి చలికాలంలో వదులుతారు కాబట్టి, ఒకప్పుడు చలికాలంలో దాదాపు ఆగిపోయిన ఉపనదిలో ఇప్పుడు మంచు కింద నీరు నడుస్తోంది. ఆ కేంద్రాన్ని కట్టింది మీర్నీ అనే పట్టణంలోని వజ్రాల గనుల కోసం. అక్కడి గొయ్యి లోతు 525 మీటర్లు.

ఇన్నిటినీ కలుపుకున్న లేనా ఏడాది సగటున సెకనుకు సుమారు 17,000 ఘనమీటర్ల నీరు మోస్తుంది. మన లెక్కలో ఆరు లక్షల క్యూసెక్కులు. జూన్ పోటులో లక్ష ఘనమీటర్లు దాటడం అక్కడ మామూలే, అంటే 35 లక్షల క్యూసెక్కులు. ఆ అంకె తెలుగువాళ్లకు కొత్త కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి అంత వచ్చింది. మన జ్ఞాపకంలో అది తరానికి ఒక్కసారి వచ్చిన గోదావరి. లేనాకు అది ఏటా వచ్చే పోటు.

చివరి భాగంలో నది రెండు కొండ వరుసల మధ్య ఇరుకుగా నడిచి, స్తోల్బ్ అనే రాతి దీవి దగ్గర ఒక్కసారిగా చెయ్యి విప్పుతుంది. డెల్టా సుమారు 30,000 చదరపు కిలోమీటర్లు, విడిపోక ముందు మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు రెట్టింపు. పాయలు, లంకలు, చెరువులు లెక్కకు అందవు. ఆ పాయలు తెలియక చనిపోయిన వాళ్ల సంగతి చెప్పి ముగిస్తాను.

జానెట్ అనే అమెరికా ఓడ 1879లో ఉత్తర ధ్రువం వైపు బయలుదేరి మంచులో చిక్కుకుంది. 1881 జూన్‌లో మంచు దాన్ని నలిపి ముంచింది. ముప్ఫై మూడు మంది మూడు పడవల్లో లేనా డెల్టా వైపు వచ్చారు. సెప్టెంబరు తుఫానులో విడిపోయారు, ఒక పడవ పోయింది. మెల్విల్ అనే ఇంజనీరు పడవ తూర్పు పాయలోకి వెళ్లింది. ఆ పాయ మీద మనుషులున్నారు, వాళ్లు కాపాడారు. నాయకుడు డి లాంగ్ పడవ ఉత్తరాన, మనుషుల్లేని ఒడ్డుకు చేరింది. పద్నాలుగు మందీ పాయలు దాటుకుంటూ, గడ్డకట్టని చోట ఆగుతూ, దక్షిణానికి నడిచారు. ముందుగా పంపిన ఇద్దరు మాత్రమే బతికారు. డి లాంగ్ డైరీ అక్టోబరు 30న ఆగింది. మరుసటి మార్చిలో మెల్విల్ తిరిగి వెళ్లి వాళ్ల దేహాలను మంచులో కనుగొన్నాడు. ఒకే నది, రెండు పాయలు. ఆ పుటలు చదివిన ప్రతిసారీ నేను పటం తీసి ఆ పాయల మీద వేలు పెట్టి చూస్తాను.

మూడేళ్ల తరువాత, 1884లో, ఆ ఓడకు సంబంధించిన వస్తువులు గ్రీన్‌లాండ్ నైరుతి తీరాన దొరికాయి. సైబీరియా తీరం నుంచి మంచు వాటిని ఆర్కిటిక్ సముద్రం అవతలికి మోసుకుపోయింది. నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన ఫ్రామ్ ఓడను 1893లో కావాలనే మంచులో ఇరికించి తేలిపోనివ్వడానికి ఆ ఆలోచన అక్కడే దొరికింది. అదే దారిలో ఇంకో సరుకు ఎప్పటి నుంచో ప్రయాణం చేస్తోంది. మే నెలలో మంచు విరిగినప్పుడు సైబీరియా నదులు ఒడ్డులు కోసి లార్చ్ చెట్లను వేళ్లతో సహా లాక్కుపోతాయి. అవి సముద్రంలో మంచుకు అంటుకుని ఏళ్ల తరబడి తేలి, అడవి లేని గ్రీన్‌లాండ్ ఒడ్డుకు చేరతాయి. అక్కడి వేటగాళ్లు ఆ దుంగలను ఎండబెట్టి, చీల్చి, తమ తోలు పడవలకు చట్రాలు కట్టుకునేవారు.

పటం, దారం, స్కేలు ఈ బల్ల మీదే ఉంటాయి. దారం తడిపే వాడండి, పొడిదారం వంపుల దగ్గర లేచిపోతుంది.